ఇసుక కింద బతికే నత్తల గురించి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

సముద్రం గురించి పత్రికల్లో ఏం వచ్చినా తిమింగలాలు, తాబేళ్లు, పగడపు దిబ్బలే. అవి రావాల్సిందే, కాదనను. కానీ అడుగున ఉండే ఇసుక నేల దగ్గరికొచ్చేసరికి అక్కడేమీ లేదన్నట్టు వదిలేస్తున్నారు, నాకు బాధ అక్కడే. ఆ ఇసుకలోనే ఆక్టియోనిడే అనే చిన్న నత్తల కుటుంబం బతుకుతోంది.

వీటిలో బాగా తెలిసిన ఆక్టియోన్ టోర్నాటిలిస్‌నే చూడండి. ఐరోపా తీరాల్లో ఉంటుంది, స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ 1758లోనే దీన్ని వర్ణించాడు. సుమారు రెండు సెంటీమీటర్లు, గులాబీ రంగు గుల్ల, దాని మీద తెల్లటి పట్టీలు. తల ముందు వెడల్పాటి పలకలాంటి కండ ఉంటుంది, దానితోనే పారతో తోసినట్టు ఇసుకను పక్కకు నెట్టుకుంటూ లోపలికి దూరిపోతుంది, గొట్టాలు కట్టుకుని ఉండే పురుగుల్ని అక్కడే వెతుక్కుని తింటుంది. ఆటు సమయంలో తడి ఇసుక మీద సన్నటి చాళ్లు కనిపిస్తే అవి ఇది వెళ్లిన దారులే కావచ్చు.

నన్ను బాగా పట్టేసింది వేరే విషయం. దీని చుట్టాలైన చాలా నత్తలు కాలక్రమంలో గుల్లను పలచన చేసుకున్నాయి, కొన్నయితే పూర్తిగా వదిలేశాయి, పెద్దయ్యాక గుల్ల నోటికి మూత కూడా ఉండదు వాటికి. ఇది మాత్రం గట్టి గుల్లనూ మూతనూ రెండింటినీ ఉంచుకుంది, ఒళ్లంతా లోపలికి లాక్కుని తలుపు వేసుకోగలదు. పిల్లగా ఉన్నప్పుడు గుల్ల ఎడమకు చుట్టుకుని, తర్వాత కుడికి తిరుగుతుంది! పాత నత్తల లక్షణాలూ కొత్తవాటి లక్షణాలూ ఒకే ఒంట్లో ఉన్నాయి కాబట్టే నత్తల పరిణామం చదివేవాళ్లు దీన్ని అంత జాగ్రత్తగా చూస్తారు.

అడుగును గీకుతూ వెళ్లే బరువైన వలలు ఈ ఇసుకనే తిరగేస్తాయి. ఆ వార్త రాసేటప్పుడు ఎన్ని టన్నుల చేప పడిందో రాస్తారు కదా, ఆ ఇసుకలో ఏమేం బతుకుతున్నాయో కూడా ఒక్క పేరా రాయండి, పిల్లల పేజీలో వీటి బొమ్మ ఒకటి వేయండి.

గవ్వలు ఏరుకునేవాళ్లకూ ఒక మాట. చేతికొచ్చిన గుల్ల నోరు మూతతో మూసుకుని ఉంటే లోపల నత్త బతికే ఉండొచ్చు, జేబులో వేసుకోకుండా తడి ఇసుక మీదే పెట్టేయండి.

- ఒక పాఠకురాలు