ఆ సూదిలో ఏం మందుందో చీటీ మీద రాసిమ్మనండి

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మా అమ్మకి 73 ఏళ్లు. మాది పల్నాడు వైపు ఊరు, మిరపకోతల్లో వంగి వంగి అరిగిపోయిన నడుం ఆవిడది. కోతల టైంలో సాయంత్రం పూట మా ఊరి ఆర్‌ఎంపీ దగ్గరికొచ్చి చూడండి, ముసలాళ్లంతా బెంచీ మీద వరసగా కూర్చుని ఉంటారు, ఒక సూది పడితే తెల్లారి మళ్లీ కోతకి పోవచ్చు, లేకపోతే కూలి పోయినట్టే కదా.

అమ్మ కూడా అట్టాగే రెండేళ్లు వేయించుకుంది. నెలకొకటి, ఒక్కోసారి రెండు. "నొప్పుల సూది" అంటారు అంతే, పేరు అడిగినోళ్లు లేరు చెప్పినోళ్లూ లేరు. వేసిన రాత్రికే హాయిగా ఉండేది, ఆకలి బాగా అయ్యేది, మొహం గుండ్రంగా నిండుకొస్తే కాస్త ఒళ్లు చేసింది మీ అమ్మ అని పక్కింటి పిన్ని సంబరపడింది కూడా. పోయినేడు కళ్లు తిరిగి పడిపోతే గుంటూరు తీసుకెళ్లాం, షుగరు 400 దాటింది. అక్కడ డాక్టరమ్మ మొట్టమొదట అడిగింది ఏం సూదులు వేయిస్తున్నారు అని. ఏం చెప్తాం, మాకేం తెలుసని? ఊరికొచ్చి ఆర్‌ఎంపీ గారిని అడిగా (మెల్లగానే అడిగాలెండి, అర్ధరాత్రి ఏమన్నా అయితే మళ్లీ ఆయనే దిక్కు), డెక్సా అన్నాడు.

డెక్సా అంటే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్. మందు చెడ్డది కాదు, కోవిడ్‌లో ఆక్సిజన్ మీదున్నోళ్లని కాపాడింది ఇదే. కానీ షెడ్యూల్ హెచ్ మందు అది, రిజిస్టర్డ్ డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. నెలల తరబడి పడితే షుగరు, బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి, ఒంట్లో సొంతంగా తయారవ్వాల్సిన స్టెరాయిడ్ తగ్గిపోయి సూది ఉన్నట్టుండి ఆపేస్తే మనిషి కుప్పకూలిపోవచ్చు. గుల్లబారిన వెన్నుపూస నలిగితే మళ్లీ నడుం నొప్పే, మళ్లీ సూదే. పాత నడుం నొప్పికి ఒళ్లంతటికీ పాకే స్టెరాయిడ్లు వాడొద్దని 2023 డిసెంబర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గైడ్‌లైన్స్‌లోనే చెప్పింది. ఆ మాట మా బెంచీ దాకా ఎప్పుడొస్తుందో.

పల్లెటూరోళ్ల తెలివితక్కువతనం అనుకోకండి, సిటీలో మా మామగారి సంగతీ అంతే. ఆయనకి వెన్నులో నరాల దారి సన్నబడి నాలుగడుగులేస్తే కాళ్లు బరువెక్కేవి, పెద్ద ప్రైవేటు హాస్పిటల్లో వెన్నులో స్టెరాయిడ్ సూది, ఎపిడ్యూరల్ అంటారు, వేశారు. సంతకం పెట్టిన కాగితం మొత్తం ఇంగ్లీషే. రక్తం పల్చబడే మాత్రలు వాడుతున్నారా అని అడిగారు, అది మాత్రం మెచ్చుకోవాలి, కానీ షుగరు పేషెంటువి, కొన్నాళ్లు రోజూ చూసుకో అని ఒక్కరూ అనలేదు. డిస్కు జారి కాలిలోకి నొప్పి లాగే వాళ్లలో కొందరికి ఈ సూదితో కొన్ని వారాలు ఉపశమనం ఉంటుంది, కాదనను. కానీ మామగారి లాంటి జబ్బున్న 50 దాటినోళ్లు 400 మంది మీద అమెరికాలో చేసిన స్టడీ 2014లో వచ్చింది, వెన్నులో ఉత్త మొద్దుబార్చే మందు ఎక్కించినోళ్లకీ దాంట్లో స్టెరాయిడ్ కలిపి ఎక్కించినోళ్లకీ ఆరు వారాలకి చెప్పుకోదగ్గ తేడా ఏం కనపడలేదు. అదే ఏడాది అక్కడ మందుల మీద నిఘా పెట్టే సర్కారు సంస్థ ఎఫ్‌డీఏ, వెన్నులో ఇచ్చే ఈ సూదులతో అరుదుగానైనా చూపు పోవడం, పక్షవాతం జరుగుతున్నాయని హెచ్చరించింది. ఇవి ముందే చెప్పుంటే మామగారు వద్దనేవారో సరే అనేవారో, అది ఆయనిష్టం.

నేను ఆర్‌ఎంపీలని మూయించమనట్లేదు, మూస్తే మా ఊళ్లో రాత్రిపూట జ్వరానికి మాత్ర ఇచ్చే మనిషుండడు. అడిగేది ఒక్కటే, ఊళ్లో అయినా కార్పొరేట్‌లో అయినా సూది వేసిన ప్రతిసారీ మందు పేరు, డోసు, తేదీ తెలుగులో చిన్న చీటీ మీద రాసివ్వాలి, షుగరుందా అని అడిగి ఆ ముక్క కూడా దాంట్లోనే రాయాలి. ఇంటింటికీ వచ్చి బీపీ షుగరు చూసే ఏఎన్ఎంలు "నొప్పుల సూదులు వేయించుకుంటున్నారా" అని ఇంకో ప్రశ్న అడిగితే పోయేదేముంది?

అమ్మ ఇప్పుడు ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పిన ఎక్సర్‌సైజులు పొద్దున్నే మంచం మీదే చేస్తుంది, మమ్మల్ని తిట్టుకుంటానే. నొప్పి పూర్తిగా పోలేదు. మళ్లీ కోతలొస్తున్నాయి, బెంచీ నిండకముందే ఈ ఉత్తరం జిల్లా పేజీలో వేస్తారని ఆశ.

ఇట్లు
మీ పాఠకుడు, పల్నాడు జిల్లా