వార్షిక నివేదిక: ఓడెక్కే అరటి

సభ్యులందరికీ నమస్కారం.

కిందటి సర్వసభ్య సమావేశంలో "ఏడాదికో పండు" అని తీర్మానించుకున్నాం. మొదటి వంతు అరటిది. అరటి గురించి మాట్లాడుకోవడానికి ఏముంటుంది, రెండు నెలల్లో అయిపోతుంది అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. పన్నెండు నెలలూ చాల్లేదు. పదకొండు సమావేశాలు జరిగాయి, ఒకటి కోరం లేక వాయిదా పడింది. సాగు, పోషకాలు వగైరా పక్కనపెట్టి ఎగుమతి రకాలు, అవి చేరే దేశాలు అనే ఒక్క కొసనే పట్టుకున్నాం.

మొదటి రోజే ఒక పెద్దాయన వేసిన ప్రశ్న ఏడాదంతా మమ్మల్ని నడిపించింది. "వందల రకాల అరటి ఉంటే, ఓడెక్కేది ఒక్క రకమేనేం?"

రుచి వల్ల అని కొందరు, దిగుబడి వల్ల అని కొందరు. చదివే కొద్దీ తేలింది ఏమిటంటే, అరటిని ఎగుమతి రకం చేసేది ప్రయాణం. పచ్చిగా కోస్తే వారాల తరబడి ఆగాలి, దెబ్బలకు తట్టుకోవాలి, దిగిన చోట అన్నీ ఒకేసారి మాగాలి. ఇన్ని షరతులకు ఒప్పుకునే రకాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇరవయ్యో శతాబ్దం సగం దాకా ఆ స్థానం గ్రో మిషెల్ అనే రకానిది. మందపాటి తొక్క, కాయలు దగ్గర దగ్గరగా ఉన్న గెల. గెలలకు గెలలే ఓడలో పడేసినా పెద్దగా నలిగేవి కావు. మధ్య అమెరికా తోటల్లో పనామా తెగులు పాకేసరికి ఆ వైభవం ముగిసింది. నేలలో బతికే ఫ్యుసేరియం అనే శిలీంధ్రం వేళ్లగుండా లోపలికెళ్లి నీటి నాళాలను మూసేస్తుంది, చెట్టు నిలువునా ఎండిపోతుంది. మందు కొడితే పోయేది కాదు. కంపెనీలు కొత్త నేలలు వెతుక్కుంటూ పోయాయి, తెగులూ వెంటే వెళ్లింది.

అప్పుడు పైకొచ్చింది కావెండిష్. 1830లలో ఇంగ్లండులో డెవన్‌షైర్ డ్యూక్ విలియం కావెండిష్ గాజు తోటలో జోసెఫ్ పాక్స్‌టన్ అనే తోటమాలి పెంచిన మొక్క అది, యజమాని పేరే దానికి నిలిచింది. అప్పటి పనామా తెగులుకు ఇది లొంగలేదు. కాకపోతే తొక్క సుకుమారం, గెలగా పంపితే నల్లమచ్చలు పడతాయి. అందుకే 1950ల చివర నుంచి తోట దగ్గరే గెలను అత్తాలుగా కోసి, సొన పోయేలా నీళ్లలో కడిగి, అట్టపెట్టెల్లో సర్దడం మొదలైంది. పెట్టె పుట్టింది పండు సుకుమారం వల్లేనన్నమాట. లాటిన్ అమెరికా నుంచి వచ్చే పెట్టెకు ఇవాళ్టికీ 18.14 కిలోలే లెక్క. ఆ దశాంశాలు చూసి కంగారు పడనక్కర్లేదు, అది 40 పౌండ్లు.

కావెండిష్ అన్నది ఒక కుటుంబం పేరు. గ్రాండ్ నైన్, విలియమ్స్, డ్వార్ఫ్ కావెండిష్ అందులోవే. ఫ్రెంచిలో "గ్రాండ్ నైన్" అంటే పెద్ద పొట్టివాడు అని తెలిసి ఆ రోజు సమావేశం కాసేపు ఆగిపోయింది. పేరుకు తగ్గట్టే డ్వార్ఫ్ కన్నా ఎత్తు, గాలికి విరిగిపోయేంత పొడవు కాదు. టిష్యూ కల్చర్ మొక్కలు, అంటే ప్రయోగశాలలో చిన్న ముక్క నుంచి ఒకేలా పెంచినవి కాబట్టి తోటంతా ఇంచుమించు ఒకేసారి గెల వేస్తుంది. ఎగుమతిదారుకు అంతకన్నా ఏం కావాలి?

ఆరో సమావేశం ప్రయోగాల రోజు. అందులో ఒకటి పూర్తిగా బెడిసికొట్టింది, బాధ్యత నాదే. పచ్చి కాయలను ఓడలో చల్లగా ఉంచుతారు కదా అని ఒక అత్తాన్ని పది రోజులు మా ఫ్రిజ్‌లో పెట్టి తెచ్చాను. బయట పెట్టాక అవి పసుపు రంగుకే తిరగలేదు, బూడిదరంగులోకి వెళ్లిపోయాయి. తొక్క లోపలివైపు గోరుతో గీరితే సన్నటి గోధుమరంగు చారలు. అరటికి చలి దెబ్బ తగిలితే ఇలాగే ఉంటుందట. రీఫర్ కంటైనర్‌లో, అంటే ఓడలోని శీతల పెట్టెలో ఉంచేది 13, 14 డిగ్రీల దగ్గర, ఫ్రిజ్ నాలుగైదు డిగ్రీలు. కంటైనర్‌లో రెండు డిగ్రీలు అటూ ఇటూ అయినా సరుకు మొత్తం పోయే ప్రమాదం ఎందుకో ఆ అత్తాన్ని చూశాక అందరికీ అర్థమైంది. రేవు చేరాక మాగబెట్టే గదుల్లో కాయను మాగించే ఇథిలీన్ వాయువు పెడతారు, 1 నుంచి 7 దాకా ఉన్న రంగుల పట్టీతో పోల్చి దుకాణాలకు వదులుతారు. 1 అంటే పచ్చి ఆకుపచ్చ, 7 అంటే పసుపు మీద గోధుమరంగు చుక్కలు.

ఇక్కడొక సవరణ. మన పాత కరపత్రంలో "యూరోపియన్ యూనియన్ వంకర అరటిపళ్లను నిషేధించింది" అని అచ్చు వేశాం. అది తప్పు. 1994 నాటి 2257 నంబరు నిబంధన అడిగిందల్లా అసాధారణమైన వంపు ఉండకూడదని, కింది తరగతుల్లో ఆకారం లోపాలను అది ఒప్పుకుంది కూడా. గట్టిగా పట్టుబట్టింది కొలతల మీద: పొడవు కనీసం 14 సెంటీమీటర్లు, మందం 27 మిల్లీమీటర్లు. పొడవును కాయ బయటి వంపు వెంబడి కొలవాలి. మేం మొదట తిన్నగా స్కేలు పెట్టి మంచి కాయలను రెండింటిని ఫెయిల్ చేశాం, తర్వాత టేపు తెచ్చి పాస్ చేశాం.

మార్కెట్ల విషయం. ప్రపంచంలో పండే అరటిలో ఓడెక్కేది ఆరో వంతు కూడా ఉండదు, ఏటా సుమారు 2 కోట్ల టన్నులు. అందరికన్నా ఎక్కువ పండించేది భారతదేశం, ఆ పంటలో దాదాపు అంతా అక్కడే తినేస్తారు. బయటికి వెళ్లే కొంచెంలో ఎక్కువ భాగం పశ్చిమాసియాకు. ఎగుమతుల్లో మొదటి స్థానం ఈక్వెడార్‌ది. అమెరికాకు ఎక్కువగా పంపేది గ్వాటెమాలా. కోస్టారికా, కొలంబియా సరుకు అమెరికాకూ యూరప్‌కూ పోతుంది. కోత్ దివ్వార్ (ఐవరీ కోస్ట్), కామెరూన్‌లకు యూరపే దిక్కు. జపాన్, చైనా, కొరియాలకు దగ్గర ఫిలిప్పీన్స్. అక్కడ ఎత్తైన కొండ నేలల్లో నిదానంగా పెరిగిన కాయ తీపి ఎక్కువని జపాన్‌లో ప్రత్యేకంగా అమ్ముతారు.

త్వరగా పాడయ్యే సరుకు కాబట్టి దేశాల తగాదాల్లో ముందు దీని పీకే పట్టుకుంటారు. 2012లో దక్షిణ చైనా సముద్రంలో గొడవ ముదిరినప్పుడే ఫిలిప్పీన్స్ అరటికి చైనాలో తనిఖీలు బిగిశాయి. 2024 ఫిబ్రవరిలో ఈక్వెడార్ తన పాత సోవియట్ ఆయుధాలను అమెరికాకు ఇవ్వబోతున్న సమయంలో, పురుగు ఉందంటూ కొన్ని ఈక్వెడార్ కంపెనీల అరటిని రష్యా ఆపేసింది. ఆయుధాల ఆలోచన విరమించుకున్నాక పురుగు సమస్యా సర్దుకుంది. యూరప్ సుంకాల మీద లాటిన్ అమెరికా దేశాల పోరాటం మరీ దీర్ఘం. 2009లో జెనీవాలో రాజీ కుదిరి, టన్నుకు 176 యూరోల సుంకాన్ని దశలవారీగా 114కు తగ్గించడానికి ఒప్పుకున్నారు.

వేడిగా సాగింది తొమ్మిదో సమావేశం. కావెండిష్‌నూ చంపే కొత్త రకం పనామా తెగులు, టీఆర్-4, ఆసియా దాటి 2013లో మొజాంబిక్‌లో, 2019లో కొలంబియాలో, 2021లో పెరూలో బయటపడింది. బూట్లకంటిన మట్టి చాలు, వెళ్లిపోతుంది. నేలలో దశాబ్దాలు ఉంటుంది. అన్నీ ఒకే మొక్క నకళ్లు కాబట్టి ఒకదానికి వస్తే అన్నిటికీ వచ్చినట్టే. తైవాన్‌లో ఎంపిక చేసిన ఫార్మోసానా రకం కొంత తట్టుకుంటుంది. అడవి అరటి జన్యువు చేర్చిన క్యూకావ్-4 అనే కావెండిష్‌కు 2024లో ఆస్ట్రేలియా అనుమతి ఇచ్చింది. జన్యు మార్పిడి పండును మార్కెట్లు కొంటాయా అన్న దగ్గర సభ రెండుగా చీలింది. నా మటుకు నాకు కావెండిష్ బదులు మరో ఒక్క రకాన్ని వెతకడమే పొరపాటు అనిపిస్తుంది, మినిట్స్‌లో మాత్రం రెండు వాదనలూ రాశాను.

చిన్న మార్కెట్లు లేకపోలేదు. ఈక్వెడార్ నుంచి ఒరితో అనే బుల్లి అరటి, ఎర్ర అరటి వెళ్తాయి. థాయ్‌లాండ్ నుంచి హోమ్ థోంగ్ అనే రకం జపాన్‌కు పోతుంది. అది గ్రో మిషెల్ జాతిదే. చచ్చిపోయిందనుకున్న పండు ఇంకా ఓడెక్కుతూనే ఉందని తెలిసి పెద్దాయన చాలాసేపు నవ్వారు.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం, ఆడిట్ అయింది. కార్యవర్గంలో ఖాళీ అయిన రెండు స్థానాలకు పేర్లు సమావేశానికి వారం ముందు ఇవ్వాలి. వచ్చే ఏడాది పండు అనాసా, మామిడా అన్నది ఓటుకు పెడతాం. ఆరో సమావేశం తర్వాత కాయల మందం కొలిచే కాలిపర్ కనిపించడం లేదు. తీసుకెళ్లినవారు ఆ రోజుకైనా తెచ్చివ్వగలరు.

కార్యదర్శి