తడిపిండి పట్టే గిర్నీలు ఏవి?

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతి దగ్గర పడితే చాలు, పిండివంటలు ఇంట్లోనే చేసుకోమని పత్రికలు, టీవీ కార్యక్రమాలు చెబుతూనే ఉంటాయి గానీ, సకినాలకూ అరిసెలకూ ముందుగా కావలసిన తడిపిండిని హైదరాబాద్‌లో ఎక్కడ పట్టించుకోవాలో మాత్రం ఎవరూ చెప్పరు. మా మల్కాజిగిరి వైపు గిర్నీల్లో గోధుమలు, జొన్నలు, శనగపప్పు పడతారు. రాత్రి నానబెట్టి, నీళ్లు వంచి, గుడ్డ మీద ఆరబోసిన బియ్యం తీసుకెళ్తే మూత తీయకముందే వద్దంటున్నారు. వారిని తప్పు పట్టలేం. తడిపిండి రాళ్లకూ జల్లెడకూ అంటుకుపోతుంది, మరను విప్పి శుభ్రం చేస్తే తప్ప తర్వాత వచ్చినవారి గోధుమలు పట్టడం కుదరదు.

దుకాణంలో దొరికే పొడి బియ్యప్పిండి ఇందుకు పనికిరాదు. నానిన గింజ మెత్తగా విరిగి పిండి నున్నగా వస్తుంది, అందులోని తేమే అరిసెను నిలబెడుతుంది. నీళ్లలో వేస్తే వేళ్లకు ఉండకట్టే బెల్లం పాకంలో పొడిపిండి పోశామంటే, అది పాకంలోని తడినంతా లాగేసుకుని చలిమిడి బిగుసుకుపోతుంది, వత్తగానే అంచులు పగులుతాయి. సకినాల సంగతి ఇంకా సున్నితం: నువ్వులు, ఓమ, ఉప్పు కలిపిన పిండి వేళ్ల మధ్య మెలి తిరుగుతూ, తెగకుండా గుడ్డ మీద చుట్లు చుట్లుగా దిగాలి. ఆ చుట్టులోని తడిని గుడ్డ కాస్త పీల్చుకున్నాకే దాన్ని విరగకుండా ఎత్తి నూనెలో వేయగలం.

మిక్సీ ఉంది కదా అంటారు. కిలో బియ్యానికైతే సరే, జార్ వేడెక్కుతుంటే ఆపి ఆపి తిప్పి, జల్లించి, మిగిలిన నూకను మళ్లీ వేసుకోవచ్చు. ఆడపిల్లకు సారె పంపే ఇంట్లో కిలోతో ఏం సరిపోతుంది?

పిండివంటలు కొనుక్కోవడం తప్పని నేను అనను, వాటిని అమ్మే దుకాణాల మీద ఎందరో మహిళలు బతుకుతున్నారు. అయితే పదే పదే కాచిన నూనెలో పోలార్ సమ్మేళనాలు (నూనె విరిగి పాడైనప్పుడు ఏర్పడే పదార్థాలు) 25 శాతం దాటితే దాన్ని వాడరాదన్న నిబంధన 2018 జూలై 1 నుంచి అమల్లో ఉన్నా, అద్దాల పెట్టెలోని మురుకును చూసి అది ఎలాంటి నూనెలో వేగిందో కొనేవాళ్లం చెప్పలేం. ఇంట్లో చేసుకోవాలనుకునేవారికి ఆ వీలైనా మిగలాలి కదా.

కాబట్టి ప్రభుత్వానికీ, నగరపాలక సంస్థకూ నా విన్నపం ఒకటే. భోగికి ముందు రెండు వారాలపాటు మెహదీపట్నం, ఎర్రగడ్డ, కూకట్‌పల్లి, సరూర్‌నగర్ వంటి రైతుబజార్లలో తడి బియ్యానికి మాత్రమే కేటాయించిన మరలను మహిళా పొదుపు సంఘాల చేత నడిపించాలి, కిలోకు ఇంత అని ధర బోర్డు మీద రాయించాలి. తడిపిండి మరునాటికే పులిసిపోతుంది గనుక, రైతుబజారు దూరమైన కాలనీల్లో స్థానిక గిర్నీల యజమానులతో మాట్లాడి, వారానికి రెండు పూటలైనా తడి బియ్యం పట్టేలా చూడాలి. ఆ వేళల్ని వార్డు కార్యాలయం గోడకు అంటిస్తే చాలు, తక్కిన పని మేం చూసుకుంటాం.

– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి, హైదరాబాద్