గది ఫోటో వద్దు, గడియ ఫోటో పెట్టు

పాపా,

ఇక్కడ కువైట్‌లో రాత్రి పదకొండున్నర. నీకు రెండైంటాది, నిద్రపోతాంటావు. ఈ పొద్దు బాబా (ఇంటి యజమాని) దివానియాకు, అదే మగోళ్లు కూడి మాట్లాడుకునే కొలువుకు, ముప్పై మంది వచ్చినారు. చాయ్ గ్లాసులు కడిగి కడిగి చేతులు నానిపోయినాయి, పెన్ను జారతాంది. ఫోన్లో చెప్తే "సరేమ్మా, సరేమ్మా" అని పెట్టేస్తావు కదా, అందుకే కాగితం మీద రాస్తాండా. ఫోటో తీసి పంపుతా, నిదానంగా చదువుకో.

పరీక్షలు అయిపోతూనే తిరుపతిలో మీ హాస్టల్ ఖాళీ చేయమన్నారని, నలభై దినాలు యాడుండాలని అడిగినావు. అడిగేసి మళ్లా నువ్వే "మామ వాళ్లింటికి పోతాలేమ్మా" అన్నావు. ఆ "లే" నాకు వినపడింది.

మామ మంచోడే. 2021 నవంబరు 19 పొద్దున అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊర్ల మీద పడినప్పుడు మన ఇంట్లో మిగిలింది వాకిలి కడప ఒకటే. అప్పుడు నువ్వు పదో తరగతి. మామ ట్రాక్టర్ ఏసుకోనొచ్చి మనల్ని తీసుకుపోయి రెండు నెలలు పెట్టుకున్నాడు. ఆ రుణం నేను మర్చిపోను. రెండు నెలలు ఆడ ఉన్నాను కాబట్టే చెప్తాండా. పోయిన సంక్రాంతికి నాలుగు దినాలుండి నువ్వు పుస్తకం తెరిచినావా? వచ్చినోళ్లకు కాఫీలు, పోయినోళ్లకు అంట్లు. ఎవురూ చెయ్యమనలేదు. ఊరికే తిని కూచుందనిపించుకోకూడదని నువ్వే లేచి లేచి చేసినావు. దానికితోడు అత్త, వాళ్ల తమ్ముని కొడుకు మాట ఎత్తింది. నాలుగు దినాల్లోనే ఎత్తిందంటే నలభై దినాల్లో తాంబూలాలు కూడా తెస్తాది. అవ్వను చూడను పో, రెండు దినాలుండి రా. బస్సులో ఆడోళ్లు ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టే కదా ఇప్పుడు, ఎన్నిసార్లన్నా పోయి రావచ్చు. సంచి మాత్రం చిన్నది తీసుకుపో. పెద్ద సంచి చూస్తే ఉండిపోతావనుకుంటారు.

మన సొంతిల్లు అంటావా, మనకిచ్చిన స్థలంలో పునాదులు లేచినాయి. పునాది మీద పడుకోలేవు కదా.

నీకు ఒకటి ఇన్ని దినాలు చెప్పలేదు. పోయిన జులైలో మా మామా వాళ్లు (మన మామ కాదు, ఇక్కడ ఇంటావిడను మామా అంటారు) ఎండలకు తట్టుకోలేక దేశాలు తిరగను పోయినారు. నాకు ఆ నెలన్నా లీవిస్తారేమో, నీ దగ్గరికి వస్తాననుకున్నా. ఇక్కడి చట్టంలో ఇంటి పనోళ్లకు ఏడాదికి 30 దినాలు జీతంతో లీవుందంట. మామా మాత్రం రెండేండ్లది కలిపి ఇస్తానంటాది. నన్ను వాళ్ల వదిన ఇంట్లో దించి పోయినారు. ఆడ నాకు ఇస్త్రీ గది ఇచ్చినారు. బల్ల మడిచి గోడకానించి పరుపేసుకుంటే కాళ్లు తలుపుకు తగులుతాయి. తలుపుకు లోపల గడియ లేదు. రాత్రి ఒంటిగంటకు ఒకరు బట్టలకొస్తారు, తెల్లారి నాలుగింటికి ఇంకొకరు. ఎవురూ తప్పుగా చూడలేదు, ఒక మాట అనలేదు. అయినా నేను యాభై దినాలు చున్నీ తీయకుండా, తలుపుకు సూట్‌కేసు అడ్డం పెట్టుకుని పడుకున్నా. నీతో "బాగుండాను" అని చెప్పింది ఆ గదిలో నుంచే.

అందుకని నువ్వు డబ్బు కట్టి నీ మంచం మీద నువ్వు పడుకుంటే దండగ అనుకోవద్దు. నేను దానికే ఇక్కడుండా.

ముందు వార్డెన్ మేడం దగ్గరికి పో. నోటితో అడిగితే నోటితోనే లేదంటారు, అర్జీ రాసి పో. సెలవుల్లో కూడా పీహెచ్‌డీ అక్కలు ఉంటారని నువ్వే చెప్పినావు. అంటే ఒక బ్లాకన్నా తెరిచి ఉంటాది. అందులో ఒక మంచం ఇయ్యమని, దినానికింత అని కడతామని రాయి. వరదలో ఇల్లు పోయింది, అమ్మ కువైట్‌లో ఉండాదని కూడా రాయి. సిగ్గుపడొద్దు, మనం ఇల్లు పారేసుకోలేదు కదా. కింద మీ డిపార్ట్‌మెంట్ హెడ్ సారు సంతకం ఉంటే మేడం కూడా పైవాళ్లకు చూపించుకుంటాది. మెస్ మూసినా ఫరవాలేదు, చోటు దొరికితే కూడు బయట చూసుకోవచ్చు. పరీక్షలు అయిపోయినాక కాదు, ఈ వారమే పో.

ఆమె కాదంటే ప్రైవేటు లేడీస్ హాస్టల్ చూసుకోవాల్సిందే. తిరుపతిలో గదులకేం కరువు అంటారు వినేవాళ్లు. ఆ గదులన్నీ దేవుని కోసం వచ్చినోళ్లవి, ఇరవై నాలుగ్గంటల లెక్క. మే నెలలో కొండకు జనం విరగబడతారు, లాడ్జీలోళ్లు నోటికొచ్చింది చెప్తారు. దేవస్థానమోళ్ల వసతి గృహాలు శ్రీనివాసం, విష్ణునివాసం కూడా యాత్రికులకే, నెలంతా ఉండనీరు. నువ్వు చూడాల్సింది బాలాజీ కాలనీ, భవానీ నగర్ సందుల్లో. చివరి సంవత్సరం పిల్లోళ్లు మేలో ఖాళీ చేస్తారు, కొత్త పిల్లోళ్లు జూన్ దాటితే గానీ రారు. మధ్యలో మంచాలు ఖాళీగా పడుంటాయి, అది ఓనర్లకూ తెలుసు. నెలన్నరకు రెండు నెలల అడ్వాన్సు ఎందుకని గట్టిగా అడుగు. పోయేటప్పుడు మెయింటెనెన్స్ అని ఎంత పట్టుకుంటారో ముందే అడిగి రసీదు మీద రాయించుకో.

ఇదంతా నాకెట్ల తెలుసంటావేమో. శుక్రవారం సెలవుకు ఇక్కడ సిటీలో మనోళ్లు కలిసే మాలియాలో కూడితే మా ఆడోళ్ల మాటలన్నీ మీ హాస్టళ్ల గురించే. కోనసీమామె ఒకామె ఉండాది, కొడుకు హైదరాబాదులో చదువుతాడు. వాడు ఫోన్లో గది ఫోటోలు చూసి, వేరేవాళ్లు తీసేసుకుంటారంటే ఐదు వేలు కొట్టినాడు. సామాన్లు ఆటోలో ఏసుకోని పోతే ఆ అడ్రసులో టైర్ల అంగడి ఉండాదంట. ఆమె చెప్తే అందరం నవ్వినాం, ఆమె కూడా నవ్వింది. ఐదు వేలంటే ఇక్కడ మాకు ఎన్ని దినాల చాకిరీనో. కండ్లతో చూడకుండా పైసా ఇయ్యొద్దు.

చూడను పోయేది మధ్యాన్నం రెండింటికి పో, పొద్దున చల్లపూట కాదు. మేడ మీద రేకుల గది తక్కువకొస్తాదని ఆశపడితే మే నెలలో ఉడికిపోతావు. కుళాయి తిప్పి చూడు. ఆదివారం రాత్రి కూడు పెడతారా అని ఓనర్‌ను కాదు, ఆడుండే పిల్లోళ్లను అడుగు. బట్టలంగట్లో సెలవులంతా పని చేస్తానంటివి కదా. చెయ్యి, వద్దనను. అయితే అంగడి ఎన్నింటికి మూస్తారు, హాస్టల్ గేటు ఎన్నింటికి ఏస్తారు, రెండూ కలుస్తాయో లేదో చూసుకో. రోజూ వాచ్‌మన్‌ను బతిమాలే పని పెట్టుకోవద్దు.

ఆధార్ ఒరిజినల్ అడిగితే ఇయ్యొద్దు. జిరాక్స్ ఇయ్యి, దాని మీద "హాస్టల్ అడ్మిషన్ కోసం మాత్రమే" అని రాసి తేదీ ఏసి సంతకం పెట్టు. టెన్త్ మెమో, ఇంటర్ మెమో నీ సంచిలోనే ఉండాల. వరద తర్వాత ఒక్కొక్క కాగితం కోసం ఎన్ని ఆఫీసులు తిరిగినామో నీకు గుర్తుండాది కదా. ట్రంకు పెట్టె, పరుపు మీ హాస్టల్ స్టోర్ రూంలో పెట్టనిస్తారేమో అడుగు, పేరు పెయింటుతో రాయి. కాగితం అతికిస్తే ఊడిపోతాది.

పోలీసులది 112, ఆడోళ్ల హెల్ప్‌లైన్ 181 ఫోన్లో పెట్టుకో. ఆ పనేం రాదులే, అయినా పెట్టుకో. ఏ హాస్టలో తేలినాక ఓనరమ్మ నంబరు నాకు పంపు, ఒకసారి నేనే మాట్లాడతా. పిల్లకు తల్లి ఉండాదని తెలియాల వాళ్లకు.

కూడు మానొద్దు. నువ్వు డబ్బు మిగిలించేది కడుపు మాడ్చుకునే అని నాకు తెలుసు. పోయిన నెల నేను పంపిన దాంట్లో రెండు వేలు నాకే తిరిగి పంపిస్తానన్నావు చూడు, ఆ పొద్దంతా నాకు పని మీద మనసు పోలేదు.

శుక్రవారం బయటికి పంపిస్తే డబ్బు పంపే ఎక్స్ఛేంజ్‌కు పోయి నెలన్నర హాస్టల్ డబ్బు, అడ్వాన్సు కలిపి ఏస్తా. ఆ లోపు రెండు మూడు హాస్టళ్లు చూసి పెట్టుకో. చూసినాక గది ఫోటోలు పంపొద్దు, ఏ గదైనా ఫోటోలో బాగానే ఉంటాది. తలుపు లోపలి పక్క నిలబడి, గడియ పెట్టి, ఆ గడియ ఫోటో పెట్టు.

మీ అమ్మ