మా చేనేత సైటును మళ్లీ గూగుల్‌లో కనిపించేలా చేసిన సోదరికి కృతజ్ఞతలు

పోచంపల్లి మగ్గాల మీద నేసిన ఇక్కత్ చీరలను, దుపట్టాలను మా కుటుంబం నేరుగా అమ్ముకునే వెబ్‌సైటు కొంతకాలం పాటు గూగుల్‌లో దాదాపు కనిపించకుండా పోయిన సంగతి మా పాత కొనుగోలుదారులలో చాలామందికి తెలుసు. ఇప్పుడది తిరిగి కనిపిస్తున్నది. ఇందుకు కారకురాలైన సోదరి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తారు. మా దగ్గర చీరలు కొన్న పరిచయమే తప్ప ఆమెకూ మాకూ వేరే బంధుత్వం లేదు. పేరు రాయవద్దని కోరారు కాబట్టి రాయడం లేదు. కానీ ఆమె చేసిన మేలు ఎటువంటిదో నలుగురికీ తెలియజేయడం మా విధి అని భావిస్తున్నాము.

సైటుకు కొత్త రూపం ఇచ్చిన సంస్థ పాత పేజీల చిరునామాలన్నిటినీ మార్చివేసింది కానీ, పాత చిరునామా నుంచి కొత్తదానికి దారి చూపే 301 రీడైరెక్టులను పెట్టలేదు. అందువల్ల ఏళ్ల తరబడి పత్రికలవారు, యాత్రా కథనాలు రాసేవారు మా పేజీలకు ఇచ్చిన లింకులన్నీ ‘పేజీ దొరకలేదు’ అన్న చోటికే చేరుతూ వచ్చాయి. అంతకన్నా నష్టం చేసింది మరొకటి ఉంది. సైటు కడుతున్న దశలో సెర్చ్ ఇంజన్లు చూడకుండా పెట్టిన నోఇండెక్స్ ట్యాగును చీరల విభాగం నుంచి తీయకుండానే సైటును మా చేతికి అప్పగించారు. ఆ ఆదేశం ఉన్నంతకాలం గూగుల్ ఆ పేజీలను తన జాబితాలో చేర్చుకోదు. మాకు ఆ విషయం చెప్పినవారు లేరు. ఎవరిని అడిగినా వేరే సైట్ల నుంచి మా సైటుకు వేల లింకులు కొనిపెడతామనీ, నెల తిరిగేసరికి మొదటి స్థానం ఖాయమనీ చెప్పినవారే.

ఈ సోదరి మొదట చేసిన పని ఆ మాటల నుంచి మమ్మల్ని కాపాడడం. మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని గూగుల్ తన మార్గదర్శకాలలోనే రాసిందని చూపించారు. 2012లో గూగుల్ ర్యాంకులిచ్చే పద్ధతిలో పెంగ్విన్ అనే మార్పు వచ్చినప్పటి నుంచి, కొన్న లింకులతో పైకి రావాలని చూసే సైట్లను గూగుల్ ఎలా పట్టుకుంటున్నదో వివరించారు. ఆ తరువాత, మన సైటు గూగుల్‌కు ఎలా కనిపిస్తున్నదో సైటు యజమానికి చూపే సెర్చ్ కన్సోల్ అనే గూగుల్ పరికరాన్ని తెరిచి, ఏ పేజీ జాబితాలో ఉన్నది, ఏది లేదు, లేకపోవడానికి కారణమేమిటి అన్నది మా పక్కన కూర్చుని ఒక్కొక్కటిగా చూపించారు. ఈ పరికరం ఉచితంగా దొరుకుతుంది. వ్యాపారం చేసే ప్రతి ఒక్కరూ తమ సైటు తాళం చెవులతో పాటు దీనిని కూడా తమ పేరు మీదే ఉంచుకోవాలని ఆమె గట్టిగా చెప్పారు.

నోఇండెక్స్ తొలగించి, పాత చిరునామాలకు రీడైరెక్టులు పెట్టి, సైటులోని పేజీల జాబితాను గూగుల్‌కు తెలిపే సైట్‌మ్యాప్‌ను సరిచేసి పంపారు. రంగు, ధర ఎంచుకున్న ప్రతిసారీ ఒకే చీరకు పుట్టుకొస్తున్న వేరువేరు చిరునామాలలో అసలుది ఏదో తెలిపే కానానికల్ ట్యాగులు పెట్టారు. ఫొటోల బరువు తగ్గించారు. ఫోనులో ప్రధాన చిత్రం 2.5 సెకన్ల లోపు తెరుచుకోవాలన్నది గూగుల్ చెప్పే మంచి ప్రమాణం కాబట్టి అక్కడిదాకా తెచ్చారు.

ఇవన్నీ తెలిసినవారు చేయగలిగిన పనులే కావచ్చు. మేము మరింతగా రుణపడింది ఆ తరువాతి పనికి. “రంగు అద్దే ముందు నూలుకు ముడులు వేసే చిటికి కట్టేటప్పుడే చీర నమూనా నూలులో నిర్ణయమైపోతుంది కదా, సైటు కూడా అంతే, పేజీలో అసలు విషయం లేకపోతే పైన ఎన్ని మెరుగులు దిద్దినా నిలవదు” అని చెప్పి, ఆమె మా ఇంటికి వచ్చి అమ్మతోనూ, మగ్గం దగ్గర పనిచేసేవారితోనూ గంటల తరబడి మాట్లాడారు. ఒక చీరకు సరిపడా నూలును ఆసు పోయడానికి, అంటే నేతకు ముందు మేకుల చుట్టూ తిప్పి అమర్చడానికి, చేతిని సుమారు 9,000 సార్లు కదిలించవలసి వచ్చేదనీ, చింతకింది మల్లేశం గారి లక్ష్మీ ఆసు యంత్రం ఆ శ్రమను ఎలా తీర్చిందో, అందుకే 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చిందనీ అమ్మ చెప్పినదంతా రాసుకుని, అమ్మ మాటలలోనే ఒక పేజీగా పెట్టించారు.

అచ్చువేసిన నకిలీ చీరలు ‘పోచంపల్లి’ పేరుతో అమ్ముడుపోవడం మా అందరి బాధ. 2005లోనే భౌగోళిక గుర్తింపు పొందిన పేరు ఇది. అసలైన ఇక్కత్‌లో రంగు నూలుకే అద్దుతారు కాబట్టి నమూనా రెండు వైపులా ఒకేలా కనిపిస్తుందనీ, నమూనా గీతల అంచులు కొద్దిగా అలుక్కున్నట్టు ఉంటాయనీ, అచ్చు చీరలో వెనుకవైపు వెలిసినట్టు ఉంటుందనీ ఫొటోలతో వివరించే పేజీ ఆమె ఆలోచనే. మా సైటుకు ఇప్పుడు వస్తున్నవారిలో ఎక్కువమంది మొదట చేరేది ఆ పేజీకే. కొనేవారికి నిజంగా పనికివచ్చే సమాధానం రాయడమే ర్యాంకు పెరిగే దారి అని ఆమె మొదటి నుంచీ నమ్మారు, ఆ నమ్మకాన్ని మాలోనూ కలిగించారు.

ఫలితం వెంటనే రాదనీ, మామూలుగా నాలుగు నెలల నుంచి ఏడాది వరకు పట్టవచ్చని గూగులే చెబుతుందనీ ముందే హెచ్చరించారు. అందువల్ల ఓపిక పట్టగలిగాము. ఇప్పుడు ‘పోచంపల్లి డబుల్ ఇక్కత్ చీర’ వంటి మాటలకు మా పేజీలు మొదటి పుటలో వస్తున్నాయి. ‘ఇక్కత్ చీరలు’ అని మాత్రమే వెతికితే పెద్ద అమ్మకపు సైట్లే పైన ఉంటాయి. అది కూడా ఆమె ముందే చెప్పినదే. ఆర్డర్లు మళ్లీ బయటి రాష్ట్రాల నుంచి మొదలయ్యాయి, ఆపిన రెండు మగ్గాల మీద పని తిరిగి సాగుతున్నది.

సోదరీ, రుసుము ఇవ్వబోతే మీరు తీసుకోలేదు. అమ్మ నేసి ఇచ్చిన దుపట్టా ఒక్కటి మాత్రం స్వీకరించారు. మీ సెలవు దినాలను మా పనికి వెచ్చించినందుకు, తెలియని ప్రతి మాటనూ విసుగు లేకుండా తెలుగులో విడమరిచి చెప్పినందుకు మా కుటుంబమంతా మీకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు తెలుపుకుంటున్నది. మీరు తెలుగులో రాసి ఇచ్చిన సూచనల పత్రాన్ని, మీ అనుమతి మేరకు, తోటి చేనేత కుటుంబాలలో ఎవరు అడిగినా మేము ఇస్తాము. సెర్చ్ కన్సోల్ తెరవడం రానివారికి మా ఇంటికి వస్తే దగ్గర కూర్చుని చూపిస్తాము.