ఊ కొట్టే మనిషి లేని ఆదివారం

బర్కత్‌పుర, హైదరాబాద్
ఆదివారం రాత్రి

చిరంజీవి సౌభాగ్యవతి బుజ్జికి నాన్న ఆశీస్సులు.

ఫోను ఉండగా ఉత్తరం ఎందుకని నవ్వుకుంటావు. ఫోనులో మీ అమ్మ "భోంచేశారా" అంటుంది, నేను "ఆ" అంటాను, ఇంతలో నీ కుక్కర్ కూత వేస్తుంది. అక్కడితో మాట సరి. నేను చెప్పదలచుకున్నది అంత తొందరలో చెప్పేది కాదు.

ముందు ఒక నిజం ఒప్పుకోవాలి. అమ్మతో పాటు నన్నూ బెంగళూరు రమ్మని నువ్వు పిలిచినప్పుడు, అపార్టుమెంటు నీళ్ళ ట్యాంకు మరమ్మతు ఉంది, ఎవరో ఒకరు దగ్గరుండాలి అన్నాను. ఆ పని రెండు రోజుల్లో అయిపోయింది. అసలు సంగతి, నెల రోజులు ఎవరూ కదిలించకుండా చదువుకోవాలని నాకు ఆశ. సరిగ్గా పేపరు విప్పినప్పుడే కరివేపాకు తెమ్మనే మనిషి లేని ఇల్లు ఎలా ఉంటుందో చూడాలనిపించింది. చూశాను. ఇవాళ్టికి 18 రోజులు.

పొద్దున పేపరు ఆ కొస నుంచి ఈ కొస దాకా చదివాను. టెండరు ప్రకటనలు, పేర్లు మార్చుకున్నవాళ్ళ ప్రకటనలు, పెళ్ళి సంబంధాలు, ఏవీ వదల్లేదు. ఒక వరుడి గురించి "సాత్విక స్వభావం, రెండు బోరుబావులు" అని వేయించారు. పైకే నవ్వి, "ఇది విన్నావా" అంటూ వంటింటి వైపు తిరిగాను. అక్కడ ఫ్రిజ్ ఒక్కటే మూలుగుతోంది.

తర్వాత బస్సెక్కి ఆబిడ్స్ వెళ్ళాను. ఆదివారం మూసి ఉన్న దుకాణాల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, ఇంకా అలాగే ఉంది. ఎనిమిదో తరగతిలో నువ్వు అక్కడే తప్పిపోయావు. నేను పోలీసుల దాకా వెళ్ళబోతుంటే, ఒక గుట్ట వెనక చతికిలబడి చదువుకుంటూ కనిపించావు. ఇవాళ అలవాటుగా ఆ మూల చూశాను. ప్రవేశపరీక్షల గైడ్లు ఉన్నాయి. బేరమాడి మూడు పుస్తకాలు కొన్నాను. మీ అమ్మ ఆడి ఉంటే అదే డబ్బుకు నాలుగు వచ్చేవి.

ఒకటి సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'. మన ప్రతిని ఒకరు అడిగి తీసుకెళ్ళి తిరిగి ఇవ్వలేదు. ఎవరో నాకు తెలుసు, రాయను. సాహిత్య అకాడమీ తెలుగుకు మొదటి బహుమతి ఇచ్చింది దీనికే, 1955లో. ఇందులో రాజుల యుద్ధాల కంటే జనం ఏమి తిన్నారు, ఏమి కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు అన్నదే ఎక్కువ. పాత కావ్యాలను జల్లెడ పట్టి ఆ వివరాలన్నీ ఏరారాయన. చదువుతుంటే నాకు 'క్రీడాభిరామం' అనే పాత కావ్యంలోని పూటకూళ్ళ పద్యం గుర్తొచ్చింది. ఓరుగల్లులో లక్ష్మణవజ్ఝల ఇంట ఒక్క రూకకు ఏమేమి పెట్టేవారో అందులో జాబితా ఉంది. కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. ఆ సమయానికి నా కంచంలో నిన్నటి చారు, మాడిన బంగాళాదుంపల వేపుడు ఉన్నాయి. ఆ ఇల్లు ఇంకా ఉంటే రైల్వే పాసు మీద కాజీపేటలో దిగి భోంచేసి వచ్చేవాడిని.

ఇది మీ అమ్మకు వినిపించి ఉంటే, "రూకకు అంత పెడితే ఆ ఇంటివాళ్ళకు ఏం మిగిలేది?" అనేది. నాకు ఆ ప్రశ్న తట్టనే తట్టదు. నేను పద్యం దగ్గర ఆగిపోతాను, ఆమె గిన్నెలు కడిగేవాళ్ళ దాకా వెళ్తుంది. ఇన్నేళ్ళూ ఆమె నా చదువుకు అడ్డం వస్తోందనుకున్నాను, చూడు.

రెండోది ఉర్దూ మొదటి వాచకం. నలభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉర్దూ మాట్లాడుతున్నాను. నా ఉర్దూ విని ఇరానీ హోటలు వాళ్ళు తెలుగులో జవాబిస్తారు, అది వేరే సంగతి. చదవడం మాత్రం రాదు. 1916 నాటి ఆ గుమ్మటాల స్టేషనులో రోజూ దిగి డ్యూటీకి వెళ్ళినవాడిని, బోర్డు మీద దాని పేరు ఉర్దూలో చదవలేకపోయాను. మధ్యాహ్నం కాఫ్, అలిఫ్, చే, యే కూడబలుక్కుని 'కాచీ' దాకా వచ్చాను. 'గూడ' రేపు.

మూడోది అట్ట ఊడిన చందమామ, మనవడి కోసం. భేతాళుడి మీద మొదటిసారి అసూయ కలిగింది. భుజాన మోస్తూ కథ వినే మనిషి దొరికాడు వాడికి. పైగా తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందని బెదిరించి జవాబు రాబట్టుకుంటాడు. నువ్వు చిన్నప్పుడు ఊ కొడుతూ కొడుతూ ఆపేసేదానివి. నిద్రపోయావని తెలిసినా నేను కథ చివరిదాకా చదివేవాడిని.

సాయంత్రం ఇంగువ డబ్బా కోసం వెతుకుతూ, వంటింటి అలమారు తలుపుకు మీ అమ్మ అంటించి వెళ్ళిన చీటీని పూర్తిగా చూశాను. 18 రోజులుగా పై రెండు వరుసలే చూస్తున్నాను: పెరుగుకు తోడు వేయండి, తులసికి నీళ్ళు పోయండి. టెండరు ప్రకటనలు కూడా వదలని నేను, దాని మీదకు వేలాడే సంచీని ఇన్నాళ్ళూ పక్కకు జరపలేదు. అడుగున ఇలా ఉంది: "ట్యాంకు పని రెండు రోజులే అని వాచ్‌మన్ చెప్పాడు. చదువుకోవడం అయ్యాక బయలుదేరండి."

ఒక్క మాటైనా అన్లేదు స్టేషనులో. పైగా మజ్జిగ మిరపకాయలు ఎక్కడున్నాయో రెండుసార్లు చెప్పింది.

ఇప్పుడే కాచిగూడ నుంచి బండి కూత వినబడింది. మీ అమ్మ ఎక్కిన బెంగళూరు బండి అనుకుంటాను. మహబూబ్‌నగర్ దాటాక, గద్వాలకు ముందు కృష్ణ, కర్నూలుకు ముందు తుంగభద్ర; రెండుచోట్లా నిన్ను లేపి చిల్లర ఇచ్చేవాడిని, నదిలో వేయమని. రేపు పొద్దున టికెట్టు కోసం వెళ్తున్నాను. కింది బెర్తు దొరికిన రోజున వస్తాను.

అల్లుడుగారిని అడిగానని చెప్పు. మనవడు కథ మధ్యలో ఊ కొట్టాలని నువ్వే నేర్పు, నేను చెబితే వినడు. ట్యాంకు సంగతి అమ్మ దగ్గర ఎత్తకు, నేనే చెబుతాను. ఈ ఉత్తరం కంటే నేనే ముందు అక్కడ దిగితే, అది వచ్చినప్పుడు విప్పకుండా నా చేతికివ్వు. అందరినీ కూర్చోబెట్టి పైకి చదువుతాను.

మీ నాన్న