ఎన్‌ఎంఎంఎస్ ఉచిత శిక్షణ తరగతులు: 2024-25 జమా ఖర్చుల వివరణ

గ్రామ పెద్దలకు, చందాదారులకు, ఊరు విడిచి చెన్నై, హైదరాబాదు, గల్ఫ్ దేశాల్లో పనిచేసుకుంటూ కూడా ఈ తరగతులకు డబ్బు పంపిన మా ఉద్దానం బిడ్డలకు కమిటీ తరఫున నమస్కారములు. తుఫాను షెల్టరులో మన మాస్టారు ఎనిమిదో తరగతి పిల్లలకు ఎన్‌ఎంఎంఎస్ (ప్రతిభ గల పేద పిల్లలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉపకార వేతనం) పరీక్ష కోసం ఉచితంగా చెబుతున్న పాఠాల నిమిత్తం 2024 జులై నుంచి 2025 మార్చి నెలాఖరు వరకు వసూలైన సొమ్మును, అయిన ఖర్చును, చేతిలో ఉన్న నిల్వను పద్దుల పుస్తకంలో ఉన్నది ఉన్నట్టుగా ఇక్కడ తెలియజేస్తున్నాము.

పద్దులోకి వెళ్లే ముందు ఒక్క విషయం స్పష్టం చేయవలసి ఉంది. మాస్టారికి కమిటీ నెలకు ఎంతో కొంత ముట్టజెబుతోందని టీ బడ్డీ దగ్గర మాట నడుస్తున్నట్టు మా చెవిన పడింది. ఈ పుస్తకంలో మాస్టారి పేరిట ఒక్క రూపాయి ఖర్చు లేదు. జులైలో అంచనా వేసేటప్పుడు గౌరవ వేతనం కింద నెలకు 3,000 రూపాయలు మేమే రాసిన మాట నిజం. ఆ కాగితం చూసి ఆయన జేబులోని ఎర్ర పెన్ను తీసి, పిల్లల లెక్క తప్పినప్పుడు కొట్టేసినట్టే ఆ వరుసను కొట్టేశారు. ఆ కాగితాన్ని పుస్తకానికి పిన్ను చేసి ఉంచాము, ఎవరైనా చూడవచ్చు. పైగా ఆయన వాళ్ల అమ్మగారి పేరిట 2,000 రూపాయలు చందా ఇచ్చి రశీదు తీసుకున్నారు.

జమ వివరాలు. గత సంవత్సరం నిల్వ 3,240 రూపాయలు. ఊరిలో 61 ఇళ్ల నుంచి వచ్చిన చందాలు 27,450 రూపాయలు. ఒక రైతు డబ్బుకు బదులు ఇచ్చిన నూరు కొబ్బరికాయలను అమ్మగా వచ్చిన 1,400 రూపాయలు కూడా ఇందులోనే ఉన్నాయి. వలస వెళ్లినవారు ఫోన్‌పే ద్వారా పంపినది 18,500. వినాయక చవితి లడ్డూ వేలం సొమ్ములో నుంచి పందిరి కమిటీ వారు ఇచ్చినది 5,116. పాత ప్రశ్నపత్రాలు కాటాకు వేయగా వచ్చినది 214. ఇవి కాక, ఇంతకు ముందు ఇదే షెల్టరులో చదివి ఉపకార వేతనం పొందుతున్న ఆరుగురు పిల్లలు తలా వెయ్యి చొప్పున తెచ్చిన 6,000 రూపాయలున్నాయి. పిల్లల చదువు కోసం ప్రభుత్వం ఇస్తున్న డబ్బును మనం పుచ్చుకోవచ్చునా అని సభ్యుల మధ్య గట్టి వాదనే జరిగింది. చివరకు తల్లిదండ్రులను పిలిచి అడిగి, వారు సంతోషంగా ఒప్పుకున్న తరువాతే రశీదులు రాశాము. మొత్తం జమ 60,520 రూపాయలు.

ఫోన్‌పే సొమ్ము మొదటి రెండు నెలలు కోశాధికారి సొంత ఖాతాలో పడింది. అది సరైన పద్ధతి కాదు. సెప్టెంబరులో ఇద్దరి సంతకాలతో నడిచే ఖాతా తెరిచి, పడిన ప్రతి రూపాయినీ అందులోకి మార్చాము. ఆ స్టేట్‌మెంటు కూడా పుస్తకంలో ఉంది.

ఇక ఖర్చు. ఈ ఏడాది తరగతులకు వచ్చినవారు 34 మంది, అందులో ఆడపిల్లలు 21 మంది. పరీక్షలో మెంటల్ ఎబిలిటీకి, అంటే ఆలోచనా శక్తిని చూసే భాగానికి, 90 ప్రశ్నలు, పాఠ్యాంశాలకు 90 ప్రశ్నలు. ఈ రెండవ భాగంలో సైన్సు 35, సోషల్ 35, లెక్కలు 20. మెంటల్ ఎబిలిటీ అనేది బడిలో ఒక పీరియడుగా లేని విషయం కనుక దానికి పుస్తకం తప్పనిసరి అయింది. తలా ఒక గైడు, తగ్గింపు పోను 220 రూపాయల చొప్పున, 7,480 రూపాయలు. ఆదివారం నమూనా పరీక్షలు 18 జరిగాయి. ప్రశ్నపత్రాల జిరాక్సుకు 7,752 రూపాయలు అయ్యాయి. ఇందులో 408 రూపాయలు దండగ ఖర్చు, అది మా పొరపాటు. మాస్టారు తెలుగులో టైపు చేయించిన ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిచి, ఏమి పడుతున్నదో చూసుకోకుండానే 34 ప్రతులు తీయించాము. లెక్కల ప్రశ్నల స్థానంలో అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. అప్పటి నుంచి మొదటి ప్రతిని మాస్టారు చూసి సంతకం పెట్టాకే మిగిలినవి తీయిస్తున్నాము.

జవాబుల గడులు దిద్దే ఓఎంఆర్ షీట్లకు 1,224 రూపాయలు. తెల్ల కాగితం మీద జవాబులు రాయిస్తే సరిపోదా అని కొందరు అడిగారు. మొదటి పరీక్షలో ఏడో తరగతిలో మంచి మార్కులు వచ్చిన ఒక అమ్మాయి ఇరవై మూడో ప్రశ్న వదిలేసి, ఇరవై నాలుగో ప్రశ్న జవాబును ఇరవై మూడో వరుసలో దిద్దింది. అక్కడి నుంచి కింది దాకా అన్నీ ఒక గడి పైకి జరిగిపోయాయి. జవాబులన్నీ తెలిసి కూడా మార్కులు పోయే ఈ రకం తప్పు అసలు షీటు మీద సాధన చేస్తే తప్ప పోదని మాస్టారు చెప్పారు, మేము ఒప్పుకున్నాము.

అన్నిటికన్నా పెద్ద ఖర్చు సాయంత్రం పలహారానిది: సరుకులు 14,385, గ్యాసు 1,690, వెరసి 16,075 రూపాయలు. చదువు చెప్పమని చందా ఇస్తే శనగలకు పోశారని ఒకరిద్దరు అన్నారు కాబట్టి కొంచెం వివరంగా చెప్పవలసి వస్తోంది. పిల్లలు మధ్యాహ్నం బడిలో తిన్న భోజనం మీదే సాయంత్రం ఐదు నుంచి ఏడు వరకు కూర్చోవాలి. ఆరు దాటేసరికి వెనుక వరుసలో తలలు వాలిపోయేవి. జులై మూడో వారం నుంచి ఉడికించిన శనగలు, మరునాడు వేరుశనగలు, బెల్లం అటుకులు మార్చి మార్చి పెట్టించాము. మొత్తం 96 పని దినాలకు, 34 మందికి లెక్క వేస్తే తలకు రోజుకు ఐదు రూపాయలు కూడా కాలేదు. అనుకున్నదాని కన్నా శనగలు కొంచెం ఎక్కువ ఖర్చు కావడానికి కారణం ఉంది. ఒక పిల్ల తన వాటా తినకుండా నోటు పుస్తకంలోని కాగితంలో పొట్లం కట్టుకుంటూ ఉంటే, తమ్ముడికట, వంటామె చూసి మాస్టారికి చెప్పింది. మరునాటి నుంచి ఎసట్లో రెండు గుప్పెళ్లు ఎక్కువ పోయించాము. దీనికి వోచరు లేదు, ఉండదు కూడా.

రాత్రి వేళ రెండు శివారు పేటలకు వెళ్లవలసిన తొమ్మిది మంది ఆడపిల్లలకు ఆటో, రోజుకు 120 చొప్పున 96 రోజులకు 11,520 రూపాయలు. తరగతులను ఉదయం పెట్టుకుంటే ఈ ఖర్చు తగ్గేది. కానీ ఉదయం నీళ్లు, వంట పని చూసుకుని బడికి వచ్చే పిల్లలు వాళ్లే, జీడి పిక్కల పనికి వెళ్లే తల్లులు వాళ్లవాళ్లే. అందువల్ల మార్చలేదు. షెల్టరులో ట్యూబ్‌లైట్లు, కరెంటు పోయినప్పుడు వెలిగే మూడు బల్బులు, బల్లల మరమ్మతులకు 2,385 రూపాయలు.

పరీక్ష ఫీజు ఓసీ, బీసీ పిల్లలు 26 మందికి వంద చొప్పున, ఎస్సీ, ఎస్టీ పిల్లలు ఎనిమిది మందికి యాభై చొప్పున, మొత్తం 3,000 రూపాయలు బడి ద్వారానే కట్టించాము. డిసెంబరు 8 ఆదివారం పరీక్షకు రెండు వ్యాన్లకు 3,200, భోజనాలకు 2,660, కలిపి 5,860 రూపాయలు. జ్వరం వల్ల ఒక పిల్లవాడు పరీక్ష రాయలేకపోయాడు.

ఆధార్ సవరణలకు 11 మందికి యాభై చొప్పున 550, రానుపోను చార్జీలు 480, కలిపి 1,030 రూపాయలు. ఇది పరీక్షకు సంబంధం లేని ఖర్చులా కనిపిస్తుంది. కిందటి బ్యాచిలో ఎంపికైన ఒక అమ్మాయికి బడి రికార్డులో ఇంటిపేరు పొడి అక్షరంగానూ, ఆధార్‌లో పూర్తిగానూ ఉండటంతో ఉపకార వేతనాల పోర్టలులో పేరు సరిపోక డబ్బు నెలల తరబడి ఆగిపోయింది. అందుకే ఈసారి దరఖాస్తుకు ముందే అందరి కాగితాలూ పక్కపక్కన పెట్టి సరిచూశాము.

మొత్తం ఖర్చు 56,326 రూపాయలు. నిల్వ 4,194 రూపాయలు. అందులో బ్యాంకులో 3,700, చేతిలో 494. ఇది కాక 1,260 రూపాయల చిల్లర ఖర్చులకు రశీదులు దొరకలేదు. వాటిని ఖర్చులో చూపకుండా ఐదుగురు సభ్యులం తలా 252 రూపాయలు వేసుకుని సర్దాము.

ఈ ఏడాది ఏడుగురు ఎంపికయ్యారు. ఒక్కొక్కరికి తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు సంవత్సరానికి 12,000 రూపాయలు వస్తాయి. అయితే ఇది తనంతట తాను కొనసాగేది కాదు. ప్రతి సంవత్సరం పోర్టలులో రెన్యువల్ చేయించాలి, పై తరగతికి మొదటి ప్రయత్నంలోనే వెళ్లాలి, పదో తరగతిలో అరవై శాతం రావాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ఇందులో అయిదు శాతం సడలింపు ఉంది. రెన్యువల్ తేదీలు షెల్టరు గోడ మీద రాయిస్తాము. ఎంపికైన పిల్లల తల్లిదండ్రులు కోశాధికారికి ఫోను నంబరు ఇచ్చి వెళ్లవలసిందిగా మనవి.

రశీదు పుస్తకాల కౌంటర్లు, వోచర్లు, బ్యాంకు పుస్తకం షెల్టరు గదిలోని బీరువాలో ఉన్నాయి. ఏ ఆదివారమైనా ఉదయం 10 నుంచి 12 గంటల మధ్య, చందా ఇచ్చినవారూ ఇవ్వనివారూ కూడా వచ్చి చూసుకోవచ్చును. రశీదు అందని చందాదారులు ఎవరైనా ఉంటే ఈ నెలాఖరులోగా తెలియజేయగలరు.

ఇట్లు,
అధ్యక్షులు, కార్యదర్శి, కోశాధికారి మరియు సభ్యులు